ముక్కులో కండ మళ్లీ పెరిగింది.. రెండోసారి ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 41. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని చేస్తాను. ఏడెనిమిదేళ్లుగా ముక్కు మూసుకుపోయి ఉంటోంది, వాసన తెలియదు. నాలుగేళ్ల కింద హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రెండు వైపులా కండ తీశారు. ఏడాది బాగుంది, మళ్లీ పెరిగింది. దూలం కూడా వంకరగా ఉందట. రాత్రిళ్లు దమ్ము వస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే కొన్ని రోజులు ముక్కు ఆడుతుంది, కూర వాసన కూడా తెలుస్తుంది. చుక్కల మందు వేసుకోనిదే నిద్ర పట్టదు. ఈమధ్య ఒళ్లునొప్పులకు గోళీ వేసుకున్న రాత్రి దమ్ము ఎక్కువై ఆస్పత్రికి పోవాల్సి వచ్చింది. డాక్టర్లు మళ్లీ ఆపరేషన్ అంటున్నారు. ఎన్నిసార్లు కోసినా పెరిగేదే కదా అని ఇంట్లో వాళ్లు వద్దంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అన్నింటికన్నా ముఖ్యమైన సంగతిని మీరు చివర్లో, మాటవరసకు చెప్పినట్టు రాశారు. ఒళ్లునొప్పుల గోళీ వేసుకున్న రాత్రే దమ్ము ఎక్కువైందన్నారు. ముందు అది తేలాలి.

ముక్కులో కండ, ఆస్తమా, నొప్పి గోళీలు పడకపోవడం.. ఈ మూడూ కలిసి వచ్చే జబ్బు ఒకటుంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకున్న కాసేపటికే, ఎక్కువలో ఎక్కువ రెండు మూడు గంటల్లో ముక్కు దిబ్బడ వేసి, పిల్లికూతలతో ఆయాసం మొదలవుతుంది. పెద్దయ్యాక, ముప్పై నలభై ఏళ్ల వయసులో బయటపడటమే ఎక్కువ. ఇలాంటివాళ్లలో కండ తీసినా త్వరగా తిరిగొస్తుంది. మీకు అదే ఉందని చూడకుండా చెప్పలేను గానీ, అనుమానించడానికి కారణం గట్టిగానే ఉంది. ఆ రాత్రి వేసుకున్న గోళీ స్ట్రిప్ దొరికితే దాచిపెట్టండి. సంగతి తేలేదాకా మెడికల్ షాపులో ‘నొప్పి గోళీ ఇవ్వు’ అని తెచ్చుకోవద్దు. నొప్పికి గానీ జ్వరానికి గానీ పారాసిటమాల్ 500 మి.గ్రా. సాధారణంగా పడుతుంది, అదీ మీ డాక్టర్‌ని అడిగాకే. నిజంగా పడదో లేదో చూద్దామని ఇంట్లో మళ్లీ ఆ గోళీ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఆర్‌ఎంపీ వేసే సూది బహుశా స్టెరాయిడ్ అయి ఉంటుంది. దానితో వాసన తిరిగి వస్తోందంటే వాసన పట్టే నరాలు పూర్తిగా దెబ్బతినలేదని అర్థం. అది మంచి కబురే. కానీ నెలకోసారి ఆ సూది పొడిపించుకుంటూ పోతే షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, బీపీ పెరుగుతుంది. డాక్టర్లం మేమూ కొన్నిసార్లు స్టెరాయిడ్ గోళీలు రాస్తాం, అయితే లెక్కగా, కొద్ది రోజులకే. చుక్కల మందు సంగతీ అంతే. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు వరసగా ఐదు రోజులు దాటితే అవే ముక్కు దిబ్బడకు కారణమవుతాయి. మీరు నెలల తరబడి వాడుతున్నట్టున్నారు. ఒక్కసారిగా మానలేకపోతే ముందు ఒక వైపు మానేయండి, అది తెరుచుకున్నాక రెండో వైపు. మొదటి వారం కష్టంగానే ఉంటుంది.

ఇప్పుడు ఆపరేషన్. మీ ఇంట్లో వాళ్ల మాటలో సగం నిజముంది. గరికను పైపైన కోసేస్తే వానకు మళ్లీ లేచినట్టు, లోపలి వాపు అలాగే ఉంటే కండ మళ్లీ వస్తుంది. అయినా ఆపరేషన్ దండగ కాదు. సైనస్ గదుల దారులు తెరిస్తేనే మందు లోపలికి చేరుతుంది. కండతో నిండిన ముక్కులో వాపు తగ్గించే స్ప్రే ఎంత ఖరీదైనది కొట్టినా గడప దాటదు. నన్నడిగితే, మందులు సరిగ్గా వాడినా తగ్గకపోతే రెండోసారి చేయించుకోవచ్చు, కానీ తర్వాత ఏళ్ల తరబడి ముక్కు కడుక్కోవడానికీ స్ప్రే వాడటానికీ ఒప్పుకొంటేనే. మొదటిసారి తర్వాత స్ప్రే ఎన్నాళ్లు వాడారో మీరు రాయలేదు. చాలామంది ముక్కు ఆడగానే మానేస్తారు.

ఎండోస్కోపీ, సైనస్‌ల సీటీ స్కాన్ చూశాకే ఏం చేయాలో తేలుతుంది. దూలం వంకర చాలామందికి ఉంటుంది. గాలికి అడ్డమైతేనో, లోపలికి పరికరం పోవడానికి చోటు లేకపోతేనో అదే సిట్టింగ్‌లో సరిచేస్తారు. పూర్తి మత్తు ఇచ్చి, ముక్కులోంచే చేస్తారు, ముఖం మీద కోత ఉండదు. కంటికీ మెదడుకీ ఆనుకుని చేసే పని కాబట్టి ప్రమాదం లేదని చెప్పను. అనుభవమున్న చేతుల్లో పెద్ద ఇబ్బంది వచ్చేది వందలో ఒకరి కన్నా తక్కువకే. రెండోసారి చేసేటప్పుడు పాత గుర్తులు చెదిరి ఉంటాయి. అందుకే మొదటి ఆపరేషన్ కాగితాలు, స్కాన్ ఫిల్ములు, తీసిన కండ పరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

దానికన్నా ముందు ఊపిరితిత్తులు. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ చేయించుకుని, ఇన్‌హేలర్‌తో దమ్ము అదుపులోకి వచ్చాకే మత్తు తీసుకోవాలి. ఇన్‌హేలర్ అలవాటవుతుందనే భయం పెట్టుకోకండి. నొప్పి గోళీ సంగతి సర్జన్‌కే కాదు, మత్తు డాక్టర్‌కీ మీ నోటితో చెప్పండి. ఆపరేషన్ తర్వాత రాసే నొప్పి మందుల్లో అవే ఉండొచ్చు.

ముక్కు కడగడానికి కాచి చల్లార్చిన నీళ్లు పావు లీటరుకు అర టీస్పూన్ ఉప్పు, చిటికెడు వంటసోడా చాలు. బోరు నీళ్లు, నల్లా నీళ్లు నేరుగా వద్దు. స్ప్రే కొట్టేటప్పుడు తల కొంచెం వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, మొన కంటి బయటి మూల వైపు ఉండేలా పట్టుకోండి. దూలం వైపు కొడితే రక్తం వస్తుంది, మందూ వృథా. గట్టిగా ఎగపీల్చొద్దు, గొంతులోకి పోతుంది.

ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు ముక్కు చీదకూడదు, బస్తాలు ఎత్తకూడదు. ముక్కులో ఎండిన పక్కులు తీయించుకోవడానికి డాక్టర్ పిలిచిన ప్రతిసారీ వెళ్లాలి, వాటిని వదిలేస్తే దారులు అతుక్కుపోతాయి. వరి కోతలయ్యి ధాన్యం మిల్లుకు వచ్చే రోజుల్లో కాకుండా, పని తగ్గిన నెలలో పెట్టుకోండి. తర్వాత కూడా ఊక, తవుడు దుమ్ముకు మూతికి తువాల చుట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్కు ఉండాలి. వీలైతే మిల్లులో దుమ్ము తక్కువుండే పనికి మారుస్తారేమో అడగండి.

నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో ఈఎన్‌టీ ఓపీకి ముందు వెళ్లండి. పెద్ద ఆపరేషన్ అనుకుంటే హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ ఆపరేషన్ అందులో వస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఇవన్నీ అయ్యాక కూడా కండ తిరిగొస్తే డూపిలుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. ఖరీదు చాలా ఎక్కువ, ఇప్పుడే వాటి జోలికి పోనక్కర్లేదు.

కన్ను వాచినా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, తీవ్రమైన తలనొప్పితో జ్వరం వచ్చినా, ఆపరేషన్ తర్వాత తల వంచితే ముక్కులోంచి పల్చటి నీళ్లు ధారగా కారినా తెల్లారేదాకా ఆగొద్దు. దమ్ముతో మాట పూర్తిగా చెప్పలేని స్థితి వస్తే 108కి ఫోన్ చేయండి.