పంచలో పుచ్చిన స్తంభం: పూర్తిగా మార్చాలా, అడుగు కోసి నిలపాలా?

ప్రశ్న: మా మామగారి తండ్రి కట్టించిన పెంకుటింటి ముందు పంచలో నాలుగు టేకు స్తంభాలున్నాయి. ఇల్లు తూర్పు ముఖం. కొన్నేళ్ల కిందట పంచకు, తిన్నెకు టైల్సు వేయించాము. ఇప్పుడు నడిమి స్తంభాల్లో ఒకటి అడుగున జానెడు మేర పుచ్చి, గోటితో గీకినా పొడి రాలుతోంది. మేస్త్రీ సిమెంటు స్తంభం పోయిద్దామంటున్నారు. ఆచారి కొత్త టేకు కర్ర తెమ్మంటున్నారు. ఎవరి మాట వినాలి? పైకప్పు దించకుండా స్తంభం మార్చవచ్చునా?
– ఒక పాఠకురాలు, పూతలపట్టు (చిత్తూరు జిల్లా)

జవాబు: పుచ్చు ఎంత ఎత్తు దాకా పాకిందో తేలకుండా ఇద్దరి మాటా వినవద్దు. సన్నటి ఉలితో అడుగు నుంచి పైకి అంగుళం అంగుళం పొడిచి చూడమనండి, సుత్తి పిడితో తట్టి చప్పుడు వినమనండి. జానెడు దాటాక ఉలి దిగకుండా, చప్పుడు గట్టిగా వస్తే ఆ స్తంభానికి ఇంకా ఆయుష్షు ఉన్నట్టే. పాడైన అడుగును కోసేసి, ఆ మేరకు ఎత్తయిన రాతిని కింద పెట్టి నిలబెట్టవచ్చు. ఛాతీ ఎత్తు దాకా డొల్ల చప్పుడు వచ్చినా, చెదల మట్టి గూళ్లు పైదాకా పాకి ఉన్నా మాత్రం మొత్తం మార్చక తప్పదు.

అసలు కారణం మీ ప్రశ్నలోనే ఉంది. పాత ఇళ్లలో స్తంభం కింది రాయి నేల కంటే ఎత్తుగా ఉండేది, కాబట్టి నీళ్లు చిమ్మినా కర్రను తాకకుండా జారిపోయేవి. టైల్సు వేసినప్పుడు నేల మట్టం పెరిగి ఆ రాయి మునిగిపోయి, స్తంభం అడుగు సిమెంటులో కూరుకుపోయి ఉంటుంది. కర్ర పక్కల నుంచి పీల్చే నీటి కంటే కోసిన కొస నుంచి పీల్చే నీరు చాలా ఎక్కువ. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల జల్లు తూర్పు పంచలోకి నేరుగా కొడుతుంది. దానికి తోడు పంచ కడిగిన ప్రతిసారీ ఆ నీరు సిమెంటు అంచున నిలిచి, ఆరే దారి లేక కర్రలోకే ఇంకుతుంది. దీన్ని సరిచేయకుండా ఎంత మేలైన టేకు నిలిపినా మళ్లీ అక్కడే పుచ్చుతుంది.

సిమెంటు స్తంభానికి నేను ఒప్పుకోను. అందం పోతుందన్నది చిన్న మాట. దానికి సొంత పునాది కావాలి. గొయ్యి తీయకుండా పంచ అంచునే పోస్తే తన బరువుకు తానే కుంగుతుంది, మిగతా మూడూ కుంగవు, పైనున్న దూలం వంకర పోతుంది.

పైకప్పు దించనక్కరలేదు. మంగళూరు పెంకుల కప్పు చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు తూగుతుంది. స్తంభాల మధ్య 8 అడుగులు, పంచ వెడల్పు 6 అడుగులు, చూరు 2 అడుగులు అనుకుంటే ఒక నడిమి స్తంభం మీద పడే బరువు పావు టన్నుకు అటూఇటూగా ఉంటుంది. నాటు గూన పెంకులైతే ఇంకా ఎక్కువే. స్తంభానికి రెండు వైపులా అడుగున్నర దూరంలో, దూలం కింద సెంట్రింగుకు వాడే ఇనుప జాకీలు రెండు నిలిపితే చాలు. వాటి కింద మందపాటి పలక, పైన చెక్కముక్క తప్పక ఉండాలి, లేకుంటే టైల్సు పగులుతాయి, దూలం నొక్కుకుపోతుంది. మరను కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తితే స్తంభం వదులవుతుంది. అంతకు మించి ఎత్తితే పెంకులు కదిలి, మొదటి వానకే కారడం మొదలవుతుంది.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. స్తంభం తల మీది మొన దూలం కింది బోదెలో, అంటే స్తంభానికీ దూలానికీ మధ్య ఉండే చెక్కలో, దిగి ఉంటుంది కనుక పక్కకు లాగితే రాదు. ముందుగా అడుగు కోసేస్తే కిందికి దించి తీయవచ్చు. తిరిగి పెట్టేటప్పుడు మొనను పైన దిగేసి పట్టుకుని, ఆ తరువాత రాతిని కిందికి నెట్టాలి. స్తంభం పక్కకు జరగకుండా అడుగున బిగించే తుప్పు పట్టని ఉక్కు మేకు దూరేలా, రాతి తలపై ఒక అంచు నుంచి నడిమి దాకా గాడి కొట్టించండి. రాతిని వాకిలి వైపు నుంచి లోపలికి నెట్టితే గాడి తెరిచిన వైపు పంచలోకి ఉంటుంది, జల్లు పడదు. గాడిని తరువాత పూడ్చేయవచ్చు. కోసిన కొసకు లిన్సీడ్ నూనెను ఇక తాగనంత దాకా పట్టించి, రాతికీ కర్రకూ మధ్య సీసపు రేకు వేయించండి. రాయి టైల్సు పైకి కనీసం 4 అంగుళాలు తేలి ఉండాలి. ఫిబ్రవరి, మే నెలల మధ్య ఈ పని పెట్టుకోవడం మేలు.

మొత్తం మార్చవలసి వస్తే పడగొట్టిన ఇళ్ల పాత టేకు వెతకండి. పాత స్తంభాలకు తమిళనాడులోని కారైకుడి పేరుపడ్డది. కొత్త కర్ర కొంటే చేవ చూసి కొనండి, అంచున తెల్లగా కనిపించే భాగాన్ని చెదలు ముందు పట్టుకుంటాయి. మొదలు వైపు కిందికి ఉండాలని ఆచారి పట్టుబడితే కాదనకండి, దాని వల్ల నష్టమేమీ లేదు.

ప్రశ్న: పంచ స్తంభాలకు ఎర్రచందనం దుంగలు తక్కువ ధరకు ఇప్పిస్తామని ఒకరు అంటున్నారు. తీసుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దు. అటవీ శాఖ అనుమతి పత్రాలు లేని ఎర్రచందనాన్ని కొనడం, తరలించడం, ఇంట్లో ఉంచుకోవడం నేరమే. శేషాచలం కొండల పక్కనే ఉన్న మనకు ఆ తనిఖీలు ఎంత గట్టిగా ఉంటాయో వేరే చెప్పాలా? మీ ఊళ్లోనే దొరికే, బాగా ఆరిన ముదురు వేప కర్ర స్తంభానికి సరిపోతుంది.