ఏసీ పుట్టింది 1902లోనా, 1906లోనా, 1911లోనా?

మీ అబ్బాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఏసీ కనిపెట్టిన విల్లిస్ కారియర్ గురించి వెతికితే ఒక్కోచోట ఒక్కో సంవత్సరం కనిపించి, ఏది రాయించాలో తేలడం లేదన్నారు కదండీ. టెన్షన్ పడకండి. మూడూ సరైనవే, కాకపోతే వేర్వేరు పనులవి.

కారియర్ 1901లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పూర్తిచేసి బఫెలో ఫోర్జ్ కంపెనీలో చేరాడు. మరుసటి ఏడాదే బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ సమస్య అతని చేతికొచ్చింది. రంగుల బొమ్మ అచ్చువేయాలంటే అదే కాగితాన్ని ఒక్కో రంగుకి ఒక్కోసారి ప్రెస్‌లో పెట్టాలి. గాలిలో తేమ పెరిగితే కాగితం సాగుతుంది, తగ్గితే కుదించుకుపోతుంది. ఎరుపు పడ్డాక నీలం వెంట్రుకవాసి పక్కకి జరిగినా బొమ్మ అలుక్కుపోయినట్టే. కారియర్ గాలిని చల్లటి గొట్టాల మీదుగా పంపాడు. మంచునీళ్ల గ్లాసుకి బయట చెమట పట్టినట్టు ఎక్కువైన తేమ ఆ గొట్టాల మీదే నీరైపోయింది. అదే 1902 డిజైన్. ఏసీ మొదట వచ్చింది మనుషుల కోసం కాదు, కాగితం కోసం! ఈ మాట తప్పకుండా రాయించండి.

1906 పేటెంట్ వచ్చిన ఏడాది. 1911లో ఉష్ణోగ్రతకీ తేమకీ ఉన్న లెక్కను ఒక పత్రంగా రాసి అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టాడు. నా దృష్టిలో అతని అసలు గొప్పతనం ఇదే. ఏసీ డిజైన్ చేసేవాళ్లు ఇప్పటికీ వాడే సైక్రోమెట్రిక్ చార్టుకి (గాలి ఉష్ణోగ్రత, తేమల సంబంధాన్ని చూపే గ్రాఫు) పునాది ఆ పత్రమే.

1915లో మరో ఆరుగురు ఇంజనీర్లతో సొంత కంపెనీ పెట్టాడు, 1950లో చనిపోయాడు.

“కనిపెట్టిన సంవత్సరం” అన్నచోట 1902 రాయించండి.