ఆ ‘టప్’ ఎక్కడ పడుతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. పాఠాలో, కథలో, ఇంటర్వ్యూలో పదుల కొద్దీ రికార్డు చేసుకున్నారు. ఒక్కొక్కటీ తెరిచి సరిచేసే ఓపిక లేక అన్నింటినీ బ్యాచ్‌లో (ఒకే పనిని కంప్యూటరే ఫైళ్ళన్నింటికీ వరసగా చేసుకుపోయేలా) వేసి పడుకున్నారు. పొద్దున లేచి వింటే ఏవేవో చప్పుళ్ళు. అంధ శ్రోతల కోసం పుస్తకాలు చదివి, ఎడిట్ చేసి ఇవ్వడం పన్నెండేళ్ళుగా నా పని కాబట్టి ఇవన్నీ నేనూ పడ్డ బాధలే.

ప్రశ్న: ఫోన్‌లో రికార్డు చేసిన 84 వ్యాకరణ పాఠాలను ఆడాసిటీలో (శబ్దాన్ని ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) మాక్రో (వరసగా చేయాల్సిన పనుల జాబితా) పెట్టి ఒకేసారి ఎంపీ3లుగా మార్చాను. ప్రతి పాఠం మొదట్లో ‘టప్’ అని పెద్ద చప్పుడు. నార్మలైజ్ (శబ్దాన్ని మనం చెప్పిన ఎత్తుకు పెంచేది) పెట్టాను కదా, అయినా నా గొంతు మాత్రం ఎప్పటిలాగే సన్నగానే ఉంది. మాక్రోలో పెట్టినవి వరసగా ఇవి: మొదటి 0.05 సెకన్లు సెలెక్ట్, ఫేడ్ ఇన్ (శబ్దం సున్నా నుంచి మెల్లగా పెరిగేలా చేయడం), నార్మలైజ్, ఎంపీ3 ఎక్స్‌పోర్ట్. ఫోన్ పాడైందా మేడమ్?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ఫోన్‌కేం కాలేదు మాస్టారూ. మాక్రోలో ఏముందో వరసగా రాసి పంపారు చూశారూ, అందుకు మీకు దణ్ణం. చాలామంది ‘ఏదో శబ్దం వస్తోంది’ అని రాసి ఊరుకుంటారు.

మీరు రెండు జబ్బులనుకుంటున్నది ఒకటే జబ్బు. మొదటి 0.05 సెకన్లు సెలెక్ట్ చేసి ఫేడ్ ఇన్ ఇచ్చారు. బాగుంది. ఆ తర్వాత ఆ సెలెక్షన్‌ను వదిలించలేదు. దాంతో నార్మలైజ్ పాఠం మొత్తం మీద పనిచేయకుండా ఆ 0.05 సెకన్ల ముక్క మీదే పనిచేసింది. అక్కడ ఉండేదేమిటి? మీరింకా నోరు తెరవలేదు, గదిలోని సన్నని హోరు తప్ప ఏమీ లేదు. పాపం నార్మలైజ్, ఆ హోరునే పట్టుకుని మీరు చెప్పిన ఎత్తుకు పెంచేసింది. అదే మీకు వినబడే ‘టప్’. మిగతా పాఠం జోలికి అది వెళ్ళనే లేదు కనుక గొంతు సన్నగానే మిగిలింది.

వరస మార్చండి. ముందు నార్మలైజ్ (ఫైళ్ళ మీద మాక్రో నడిపేటప్పుడు మొదట ఫైలంతా సెలెక్ట్ అయ్యే ఉంటుంది), తర్వాత 0.05 సెకన్ల సెలెక్షన్, ఫేడ్ ఇన్, చివర ఎక్స్‌పోర్ట్. పాత వరసే ఉంచుకోవాలంటే ఫేడ్ ఇన్ తర్వాత ‘సెలెక్ట్ ఆల్’ అనే మెట్టు ఒకటి చేర్చండి. నాకైతే మొదటి పద్ధతే ఇష్టం. నార్మలైజ్‌లో డీసీ ఆఫ్‌సెట్ తీసేసే టిక్కు ఒకటి ఉంటుంది, అదీ పెట్టుకోండి. కొన్ని మైకులతో రికార్డు చేస్తే శబ్దపు గీత సున్నా మీద కాకుండా కాస్త పైనో కిందో నడుస్తుంది. అలాంటి ఫైలును ఎక్కడ కోసినా ‘టక్’మంటుంది. ఆ గీతను ముందే సున్నాకు దించి, ఆ తర్వాత ఫేడ్ ఇస్తే రెండు చప్పుళ్ళూ పోతాయి.

లెవెల్‌ను సున్నా డెసిబెల్స్ (ఫైల్లో శబ్దానికి పై హద్దు అదే) దాకా లాగకండి, మైనస్ 1 దగ్గర ఆపండి. ఎంపీ3గా మారేటప్పుడు శిఖరాలు కాస్త అటూ ఇటూ అవుతాయి, పైన జాగా లేకపోతే గొంతు చిట్లుతుంది. ఇంత చేసినా కొన్ని పాఠాల్లో గొంతు సన్నగానే ఉంటే అక్కడ మీరు దగ్గి ఉంటారు, లేదా తలుపు దబ్బున పడి ఉంటుంది. నార్మలైజ్ చూసేది ఫైల్లో అన్నిటికన్నా పెద్ద చప్పుడును మాత్రమే. దగ్గు అప్పటికే ఆకాశంలో ఉంటే గొంతును ఇంకెక్కడికి పెంచుతుంది? అలాంటి వాటికి లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వాడండి. అది చెవికి తెలిసే సగటు బిగ్గరతనాన్ని కొలుస్తుంది. అయితే అక్కడ గొంతు పెరిగితే దగ్గూ పెరుగుతుంది కనుక ఆ ఒక్క దగ్గునూ ముందు చేత్తో తగ్గించాలి. తప్పదు.

ప్రశ్న: అక్కా, నా ఇంటర్వ్యూల ఫైళ్ళు ముప్పైకి పైనే. బ్యాచ్‌లో వేశాక మధ్యమధ్యలో ‘టిక్ టిక్’ అంటున్నాయి. ఒక్కో ఫైల్లో ఒక్కో చోట. నా ల్యాప్‌టాప్ పాతది, నెమ్మది. ఎక్స్‌పోర్ట్ అయ్యేటప్పుడు అందలేక శబ్దం ముక్కలవుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. కొత్తది కొనమంటావా?
– జర్నలిజం విద్యార్థి

జవాబు: కొనకు తమ్ముడూ, ఆగు. ఎక్స్‌పోర్ట్ అంటే పాట వాయించడం కాదు, లెక్క కట్టడం. నెమ్మదిగా ఉండే కంప్యూటర్ ఆ లెక్కను నెమ్మదిగా చేస్తుంది, అంతే. తొందరపడి అంకెలు మింగదు.

ముందు అదే ఫైలును ఒకే ప్లేయర్‌లో మూడుసార్లు విను. ప్రతిసారీ టిక్కు వేరే చోట వస్తే ఫైల్లో ఏమీ లేదు, వినిపించేటప్పుడు నీ ల్యాప్‌టాప్ అందుకోలేకపోతోంది. ప్లేబ్యాక్ బఫర్ (వినిపించే ముందు శబ్దాన్ని కాస్త ముందే దాచుకునే జాగా) పెంచితే పోతుంది. మూడుసార్లూ అదే నిమిషం, అదే సెకను దగ్గర వస్తే నీ అసలు రికార్డింగ్ తెరిచి అక్కడే విను. నా అనుభవంలో పదికి తొమ్మిదిసార్లు టిక్కు అక్కడే ఉంటుంది. ముందు అది చిన్నది కాబట్టి నీ చెవికి ఆనలేదు, బ్యాచ్‌లో లెవెల్ పెంచాక పైకి తేలింది.

అసలులో లేదు, బ్యాచ్ ఫైల్లో మాత్రమే ఉందంటావా? అప్పుడు అదే ఫైలును బ్యాచ్‌లో రెండుసార్లు నడిపి రెండు వేవ్ ఫైళ్ళు తీయి. రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (అంటే శబ్దపు గీతను తలకిందులు చేసి), కలిపి విను. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది. అంటే తప్పు నీ ఎఫెక్టుల వరసలో ఉంది, ప్రతిసారీ అదే తప్పు చేస్తోంది. టిక్కులు మిగిలితే మాత్రం ఫైళ్ళున్న చోటును అనుమానించు: క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్, వదులుగా ఉన్న యూఎస్‌బీ డ్రైవ్, అలాంటివి. అన్నీ లోపలి డిస్క్‌లోకి కాపీ చేసి మళ్ళీ నడిపి చూడు. మరీ సన్నని ‘స్‌స్’ మిగిలితే కంగారు పడకు. 16 బిట్లకు దించేటప్పుడు సాఫ్ట్‌వేర్ కావాలనే కలిపే డిథర్ అది, ప్రతిసారీ వేరుగా ఉంటుంది.

అసలులోనే ఉన్న టిక్కులకు ఆడాసిటీలో ‘రిపేర్’ ఉంది. ఒకసారికి 128 శాంపిళ్ళకు (శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలు) మించి తీసుకోదు, అంటే సెకనుకు 44,100 శాంపిళ్ళ రేటులో సుమారు 3 మిల్లీసెకన్లు. బాగా జూమ్ చేసి ఒక్కొక్కటే మాన్పాలి. బ్యాచ్‌లో కుదిరే పని కాదు.

ప్రశ్న: ఒక ఫైల్లో నాయిస్ ప్రొఫైల్ (గది హోరు నమూనా) తీసుకుని 40 కథలకూ అదే నాయిస్ రిడక్షన్ (హోరు తగ్గింపు) ఇచ్చాను. కొన్ని బాగున్నాయి. కొన్నింట్లో గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టు బుడబుడమంటోంది.
– కథలు చదివే పాఠకురాలు

జవాబు: నేను ఇదే పని 137 ఫైళ్ళకు చేశానండీ. అదీ అవుట్‌పుట్ ఫోల్డర్‌గా అసలు ఫైళ్ళున్న ఫోల్డర్‌నే ఇచ్చి. అన్నీ ఓవర్‌రైట్ అయిపోయాయి. ఒక నవల మొత్తం మళ్ళీ చదివాను. రెండోసారి చదివేటప్పుడు అందులోని నాయకుడి మీద కూడా కోపం వచ్చింది.

ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు తీసుకున్న ప్రొఫైల్ ఫ్యాన్ హోరునే గుర్తుపడుతుంది. ఫ్యాన్ ఆపి చదివిన కథకు దాన్ని వర్తింపజేస్తే, లేని హోరును వెతుక్కుంటూ వెళ్ళి మీ గొంతులోని ‘స’, ‘హ’ చివరలను తినేస్తుంది. ఏ రోజు, ఏ గదిలో చదివారో చూసుకుని కథలను గుంపులు చేయండి. ఒక్కో గుంపుకు దాని ప్రొఫైల్ దానిదే. తగ్గింపు 6 డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టండి. కాస్త హోరు మిగిలినా శ్రోత సర్దుకుంటాడు, బుడగలకు సర్దుకోడు. ముందుగా గుంపుకు రెండు ఫైళ్ళ మీద మాత్రమే నడిపి హెడ్‌ఫోన్స్‌లో వినండి.

ప్రశ్న: 44,100లో ఉన్న పది ఫైళ్ళను మిగతావాటితో సమానం చేయాలని ట్రాక్ మెనూలో రేట్ 48,000 అని మార్చి బ్యాచ్‌లో వేశాను. ఆ పదింట్లో నా గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది!

జవాబు: మీరు శబ్దాన్ని మార్చలేదు, దాని మీది చీటీ మార్చారు. సెకనుకు 44,100 చొప్పున కొలిచిన శాంపిళ్ళను సెకనుకు 48,000 చొప్పున ఖర్చుపెడితే 30 నిమిషాల ఫైలు 27 నిమిషాల 34 సెకన్లలో అయిపోతుంది, గొంతు దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. రేట్‌ను వెనక్కి 44,100కే మార్చి, ట్రాక్స్ మెనూలోని ‘రీశాంపిల్’తో 48,000కి తీసుకెళ్ళండి.

ప్రశ్న: ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో (కమాండ్లు రాసి నడిపే సాఫ్ట్‌వేర్) బిగ్గరతనాన్ని సమం చేసే లౌడ్‌నార్మ్ ఫిల్టర్‌తో వేవ్ ఫైళ్ళన్నీ సమం చేశాను. వినడానికి బాగున్నాయి కానీ ఒక్కొక్కటీ సైజులో సరిగ్గా నాలుగింతలైంది. ఎందుకు?

జవాబు: ఆ ‘సరిగ్గా నాలుగింతలు’ అన్న మాటలోనే జవాబుంది. ఆ ఫిల్టర్‌ను ఒకే విడతలో నడిపితే లోపల 1,92,000 రేటుకు పెంచి పనిచేస్తుంది, వెనక్కి దించమని మీరు చెప్పకపోతే అలాగే బయటికి వదులుతుంది. మీ అసలు ఫైళ్ళు 48,000వి అయి ఉంటాయి. కమాండ్‌లో అవుట్‌పుట్ పేరుకు ముందు ‘ఏఆర్’ (-ar) ఆప్షన్‌తో 48,000 అని ఇవ్వండి.

ప్రశ్న: బ్యాచ్‌కు 84 ఫైళ్ళు ఇస్తే 81 బయటికొచ్చాయి. ఎర్రర్ ఏమీ చూపలేదు. మూడు ఏమైనట్టు?

జవాబు: ఇన్‌పుట్ ఫోల్డర్‌లో ‘పాఠం 7’ అనే పేరుతో ఒక వేవ్, ఒక ఎం4ఏ ఉన్నాయేమో చూడండి. రెండూ ‘పాఠం 7’ ఎంపీ3గానే మారతాయి, రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది. అలాంటి జంటలు మూడు దొరికితే లెక్క సరిపోయినట్టే. పేర్లు మార్చేటప్పుడు ఎలాగూ 001, 002 అని మూడంకెలు వేసుకోండి, లేకపోతే చాలా ప్లేయర్లలో 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది, మళ్ళీ నాకే ఉత్తరం రాస్తారు.