టెక్ సందేహాలు: విదేశాల్లో కార్డు గీకేముందు

ప్రశ్న: వచ్చే నెల మొదటిసారి విదేశం వెళుతున్నాను. ఖర్చులన్నీ క్రెడిట్ కార్డుతోనే. జేబులో ఉన్న కార్డులోంచి కూడా వివరాలు లాగేస్తారట, ఆర్‌ఎఫ్‌ఐడీని (తాకకుండానే కార్డును చదివే రేడియో సంకేతాలను) అడ్డుకునే పర్సు కొనమంటున్నారు. కొనాలా?

జవాబు: ఆ డబ్బుతో ఓ మంచి కాఫీ తాగండి. ట్యాప్ చేసే కార్డు పనిచేసేది నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే. పైగా ప్రతి ట్యాప్‌కూ చిప్ కొత్త కోడ్ తయారుచేస్తుంది, పాత కోడ్ మళ్లీ చెల్లదు. బలహీనమైనది కార్డు వెనకున్న నల్లటి అయస్కాంత పట్టీ. దాన్ని ఎన్నిసార్లు గీకినా అదే సమాచారం వెళుతుంది కాబట్టి స్కిమ్మర్‌తో (కార్డు వివరాలు దొంగిలించే పరికరంతో) నకలు తీయడం తేలిక. 2033 నాటికి తమ కార్డుల్లో ఈ పట్టీయే ఉండదని మాస్టర్‌కార్డ్ 2021లో ప్రకటించింది. అందుకే గీకుతామంటే వద్దనండి, చిప్ పెట్టండి లేదా ట్యాప్ చేయండి. ఇంకా మేలు, కార్డును ఫోన్ వ్యాలెట్‌లో పెట్టుకోవడం. అప్పుడు దుకాణానికి వెళ్లేది మీ అసలు కార్డు నంబరు కాదు, దాని బదులు ఇచ్చే టోకెన్.

నిజానికి దొంగల కన్నా ఎక్కువమంది జేబుకు చిల్లు పెట్టేది ఓ మర్యాదస్తుడైన బటన్. ‘మీ దేశం కరెన్సీలో చెల్లిస్తారా, ఇక్కడి కరెన్సీలోనా?’ అని మెషీన్ అడుగుతుంది. తెలిసిన కరెన్సీ కదా అని మొదటిది నొక్కుతాం. నేనూ ఒకసారి అలాగే నొక్కాను. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. మారకం రేటును నిర్ణయించేది మీ బ్యాంకు కాదు, దుకాణం తరఫు కంపెనీ. తన లాభం అందులోనే కలుపుకొంటుంది. ఎప్పుడూ అక్కడి కరెన్సీయే ఎంచుకోండి, ఏటీఎంలో కూడా. సేల్స్‌మన్ మిమ్మల్ని అడక్కుండా నొక్కేస్తే, ఆ లావాదేవీ రద్దు చేసి మళ్లీ చేయమనండి. మొహమాటపడకండి. అన్నట్టు, క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇక ఓటీపీ. విమానం దిగగానే కొత్త సిమ్ వేసి పాతది తీసేస్తే ఓటీపీ రాదు. పాత సిమ్‌ను ఎస్సెమ్మెస్‌ల కోసం రోమింగ్‌లో ఉంచి, డేటాకు ఈసిమ్ (విడిగా చిప్ వేయక్కర్లేకుండా ఫోన్‌లోనే పనిచేసే సిమ్) వాడండి. కొన్ని విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ లేకుండానే, కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీతో డబ్బు తీసేసుకుంటాయి. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ లావాదేవీలకు స్విచ్ ఉంటే, అవసరమైనప్పుడే ఆన్ చేయండి.

కార్డు పోతే ముందు యాప్‌లో బ్లాక్ చేయండి. ఫోన్ కూడా పోతే? బ్యాంకు నంబరు కార్డు వెనకాలే ఉంటుంది, ఆ కార్డే లేదు కదా! కాగితం మీద రాసి పెట్టెలో పెట్టుకోండి. టోల్‌ఫ్రీ నంబర్లు చాలావరకు వేరే దేశం నుంచి కలవవు, దేశం కోడ్‌తో ఉన్న మామూలు నంబరు రాసుకోండి. రెండో కార్డు కూడా ఆ పెట్టెలోనే.

ప్రశ్న: హోటల్ బిల్లు కట్టేసి వచ్చాను. అయినా కార్డు లిమిట్ తగ్గే కనిపిస్తోంది. రెండుసార్లు తీసుకున్నారా?

జవాబు: తీసుకోలేదు, పట్టి ఉంచారు. హోటళ్లు, అద్దె కార్ల వాళ్లు, కొన్ని పెట్రోలు బంకులు ముందుగానే కొంత మొత్తాన్ని ‘హోల్డ్’ చేస్తాయి. అసలు బిల్లు కట్టాక ఆ హోల్డ్ వీడటానికి కొన్ని రోజులు పడుతుంది. స్టేట్‌మెంట్‌లో రెండు పద్దులూ పక్కాగా పడితేనే బ్యాంకుకు ఫిర్యాదు చేయండి, హోటల్ రశీదు చేతిలో ఉంచుకుని. ఇలాంటి చోట్ల డెబిట్ కార్డు మాత్రం ఇవ్వకండి. అందులో ఆగిపోయేది లిమిట్ కాదు, మీ ఖాతాలోని డబ్బు.