జియా, ముషారఫ్ పోలిక: మీ వ్యాసం ఎక్కడ ఆగిందంటే

పాకిస్తాన్‌ను ఏలిన సైనిక పాలకులు జియా ఉల్ హక్, పర్వేజ్ ముషారఫ్‌లను పోలుస్తూ రాస్తున్నారు. జియా ఛాందసుడు, ముషారఫ్ ఉదారవాది అని రెండు గడులు గీసుకున్నాక వ్యాసం ముందుకు సాగడం లేదన్నారు. చిక్కంతా ఆ గడులతోనే. వాళ్ల మాటలు పక్కనపెట్టి, అధికారం నిలబెట్టుకోవడానికి ఎవరు ఏం చేశారో చూడండి.

ప్రజాస్వామ్యం విషయంలో ఇద్దరిదీ దాదాపు ఒకే దారి. 1977లో 90 రోజుల్లో ఎన్నికలన్న జియా, 1984లో తన పాలన కొనసాగింపుకు రెఫరెండం (ప్రజాభిప్రాయ ఓటింగ్) పెట్టి, 1985లో పార్టీలు లేకుండా ఎన్నికలు జరిపాడు. ముషారఫ్ కూడా 2002లో అలాంటి రెఫరెండమే పెట్టాడు. అధ్యక్షుడు జాతీయ అసెంబ్లీని రద్దు చేయగల అధికారం (రాజ్యాంగంలోని 58(2)(బి) అధికరణ) జియా రాయించుకున్నదే. 1997లో తీసేస్తే ముషారఫ్ మళ్లీ తెచ్చుకున్నాడు.

అసలు తేడా తీవ్రవాదం దగ్గర. జియా 1979లో హుదూద్ చట్టాలు (ఇస్లామిక్ శిక్షల చట్టాలు) తెచ్చాడు, అఫ్గాన్ యుద్ధంలో సోవియట్ సేనలతో పోరాడిన ముజాహిదీన్‌లకు అండగా నిలిచాడు. ముషారఫ్ 2002 జనవరిలో లష్కరే తోయిబా, జైషే మహమ్మద్‌లను నిషేధించాడు. కానీ అవి కొత్త పేర్లతో తిరిగొచ్చాయి. పైగా మాజీ ప్రధానులు బేనజీర్ భుట్టో, నవాజ్ షరీఫ్ ప్రవాసంలో ఉండగా 2002 ఎన్నికల్లో మతపార్టీల కూటమి ఎంఎంఏ బలపడింది. 2003లో ముషారఫ్ అధికారాలకు ఆమోదముద్ర వేసిన 17వ రాజ్యాంగ సవరణ గట్టెక్కింది ఆ కూటమి మద్దతుతోనే! నా లెక్కలో మీ వ్యాసానికి వెన్నెముక ఇదే. లాల్ మసీదు ఘటనకు (2007లో ఇస్లామాబాద్ మసీదులోని తీవ్రవాదులపై సైనిక చర్య) ఒక పేరా చాలు.

2007 నవంబరు ఎమర్జెన్సీని మాత్రం వదలొద్దు. తీవ్రవాదాన్ని సాకుగా చూపి ముషారఫ్ వేటు వేసింది న్యాయమూర్తుల మీద.