వీధికుక్కలకు, పిల్లులకు తక్కువ ఖర్చుతో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు: నెల్లూరులో మా అనుభవం

కావలి నుంచి ఈ ప్రశ్న అడిగినవారికి నమస్కారం. మీ వీధిలో ఏడు కుక్కలున్నాయనీ, వాటిలో నాలుగు ఆడవనీ, మీ దొడ్లో కట్టెల వెనుక ఒక పిల్లి మూడు కూనలను పెట్టిందనీ, ప్రైవేటు క్లినిక్‌లో చెప్పిన ధర మీ శక్తికి మించిందనీ రాశారు. ఉచితంగా గానీ, తక్కువ ఖర్చుతో గానీ ఈ ఆపరేషన్లు ఎక్కడ చేస్తారో చెప్పమన్నారు. నేను నెల్లూరు వేదాయపాళెంలో ఉంటాను. 2018 నుంచి మా వీధివాళ్లం నలుగురం కలిసి నలభై మూడు కుక్కలకు, పందొమ్మిది పిల్లులకు ఈ ఆపరేషన్లు చేయించాము. నేను డాక్టరును కాను. అందువల్ల చేసి తెలుసుకున్నవీ, డాక్టర్లు మాకు విడమరచి చెప్పినవీ మాత్రమే రాస్తున్నాను.

ఎక్కడ చేస్తారన్న దానికంటే ముందు మీరు తేల్చుకోవలసినది ఇంకొకటి ఉంది. ఉచితంగా దొరికేది ఆపరేషన్ మాత్రమే. కుక్కను పట్టుకోవడం, తీసుకెళ్లడం, ఆ తరువాత అయిదు రోజులు కనిపెట్టుకుని ఉండడం మన బాధ్యత. ఆ అయిదు రోజులకు చోటు సిద్ధం చేసుకోకుండా ఏ డాక్టరు దగ్గరకూ వెళ్లకండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మేము మొట్టమొదట చేయించిన కుక్కను ఆ కారణంగానే పోగొట్టుకున్నాము.

దానిని మా వీధిలో అందరూ ఎర్రమ్మ అని పిలిచేవారు. మూడు ఈతల్లో అది పెట్టిన పదిహేడు పిల్లల్లో ఏడాది నిండినవి రెండే. మిగిలినవి కొన్ని జాతీయ రహదారి మీద లారీల కింద పడ్డాయి, కొన్ని పార్వో అనే అంటుజబ్బు విరేచనాలతో పోయాయి. ఊళ్లో ఒక ఉచిత శిబిరం జరుగుతోందని తెలిసి, ఎంతో సంతోషంగా ఎర్రమ్మను ఆటోలో అక్కడికి పంపాము. ఆపరేషన్ బాగానే జరిగింది. అయితే శిబిరంవాళ్లు మరునాటి సాయంత్రమే దానిని తీసుకొచ్చి వీధి మొగలో వదిలి వెళ్లారు. అది నవంబరు నెల, తుపాను వానలు పడుతున్న రోజులు. కుక్క భయపడి కల్వర్టు కింద దూరింది. మేము వెతికి పట్టుకునేసరికి నాలుగో రోజయింది. అప్పటికే కుట్లు విడిపోయి పుండు చీము పట్టింది. పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారు మళ్లీ కుట్లు వేసి రెండు రోజులు సెలైన్లు ఎక్కించినా బతకలేదు. ఎన్నాళ్లు ఉంచుకుంటారని ఆ శిబిరంవాళ్లను ముందే అడగకపోవడం నా తప్పు. మీరు ఎక్కడికి వెళ్లినా మొదట అడగవలసిన ప్రశ్న అదే.

ఆ తరువాత మా ఇంటి వెనుక వాడకంలో లేని పాత వంటగదిని శుభ్రం చేసి, సున్నం వేసి, తలుపుకు గడియ బిగించాము. గోనె సంచులు పరిస్తే పీచు పుండుకు అంటుకుంటుంది కనుక పాత నూలు చీరలు పరుస్తాము. మత్తు పూర్తిగా దిగే వరకు కుక్కను ఎత్తయిన చోట గానీ, నీళ్ల తొట్టి దగ్గర గానీ ఉంచకూడదు. తూలి పడుతుంది, తల నీటిలో పడితే ఎత్తుకోలేదు. మొదటి రాత్రి కొద్దిగా నీళ్లు, తెల్లవారి మెత్తటి పెరుగన్నం, మూడో రోజు నుంచి ఉడికించిన గుడ్డు పెడతాము. రోజుకు రెండుసార్లు టార్చి వేసి కుట్లు చూస్తాము. వాపు, వాసన, రసి కనిపిస్తే ఫోటో తీసి డాక్టరుకు పంపుతాము. ఈ పద్ధతి మొదలుపెట్టాక ఒక్క కుక్క కూడా మా చేతుల్లో పోలేదు.

ఇక మీరు అడిగిన విషయం. మీకు అన్నిటికంటే దగ్గరి దారి ప్రభుత్వ పశువైద్యశాల. అక్కడ ఆపరేషన్‌కు ప్రైవేటు క్లినిక్‌లో లాగా వేలల్లో రుసుము ఉండదు. మేము వెళ్లినచోట మత్తుమందు, కుట్ల దారం, యాంటీబయాటిక్, నొప్పి సూది బయట కొనుక్కురమ్మన్నారు. ఆడకుక్క ఒక్కదానికి మాకు దాదాపు పన్నెండు వందల రూపాయలు పడింది. అదే పనికి ప్రైవేటులో మాకు చెప్పిన ధర ఆరు వేల పైమాటే. అయితే ప్రభుత్వ డాక్టర్లకు గేదెలు, గొర్రెలు, టీకాల కార్యక్రమాలతో తీరిక దొరకదు. కాబట్టి ఉదయం రద్దీ వేళ కుక్కను తాడుతో లాక్కుని వెళ్లి నిలబడితే పని జరగదు. ముందు రోజు మధ్యాహ్నం మీరొక్కరే వెళ్లి, ఎన్ని జంతువులున్నాయో, తరువాతి సంరక్షణ ఎవరు చూస్తారో చెప్పి, వారికి వీలైన రోజు అడగండి. సంరక్షణకు గది ఉందని చెప్పగానే మా డాక్టరు గారి ధోరణే మారిపోయింది. వారంలో ఒక మధ్యాహ్నం మాకోసం కేటాయించారు. ఈ శస్త్రచికిత్సలో చేయి తిరిగినవారా కాదా అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. గేదెలకే అలవాటు పడిన ఒక డాక్టరు గారు తానే ఆ సంగతి చెప్పి, మమ్మల్ని జిల్లా కేంద్రంలోని ఆసుపత్రికి పంపారు. ఆయన నిజాయితీకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

రెండో దారి మునిసిపాలిటీ. 2001లో వచ్చిన నిబంధనల స్థానంలో కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా ఏర్పాటు చేయవలసిన బాధ్యత స్థానిక సంస్థదే. పెంపుడు జంతువులకైతే ఆ బాధ్యత యజమానిది. కమిషనర్ గారికి ఇచ్చే అర్జీలో మీ వీధి పేరు, కుక్కల సంఖ్య, ఆడవెన్ని, మగవెన్ని, ఎవరు అన్నం పెడుతున్నారు అనే వివరాలు రాయండి. పదిమంది సంతకాలు చేయించి, స్వీకరించినట్లు ముద్ర వేయించుకోండి. స్పందన లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ మళ్లీ ఇవ్వండి. "కుక్కల బెడద తొలగించండి" అని మాత్రం రాయకండి. అలా రాస్తే వాటిని ఎత్తుకెళ్లి ఎక్కడో వదిలేయమన్న అర్థం వస్తుంది. "ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలండి" అని స్పష్టంగా రాయాలి. పట్టిన చోటే వదలాలన్నది నిబంధన. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవాటిని, ఉన్నట్టని అనుమానం ఉన్నవాటిని, దూకుడుగా కరిచేవాటిని మినహాయించి అదే చెప్పింది. ఆ ఏడాది నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి ఆవరణల నుంచి పట్టినవాటిని తిరిగి అక్కడ వదలవద్దని వేరుగా ఆదేశించింది. మీవి వీధిలో ఉండేవి కాబట్టి మొదటి ఆదేశమే వర్తిస్తుంది.

మీ వీధి పెద్దలు కుక్కలను ఊరి బయట వదిలేద్దామంటే ఈ మాట చెప్పండి. మా పక్క వీధివారు అలాగే ఆరింటిని పంపించారు. మూడు నెలలు తిరగకుండానే ఆ చెత్తకుండీ దగ్గరకు, ఆ మాంసం కొట్టు దగ్గరకు ఎవరికీ పరిచయం లేని కొత్త కుక్కలు వచ్చి చేరాయి. తిండి ఉన్నచోటు ఖాళీగా ఉండదు. మద్రాసు నగరంలో దశాబ్దాల తరబడి కుక్కలను పట్టి చంపినా వాటి సంఖ్య తగ్గలేదని గమనించి, అక్కడి బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ 1964లో ఆపరేషన్ల మార్గాన్ని ప్రతిపాదించింది. కార్పొరేషన్ దానిని 1996లో స్వీకరించింది. మూడు దశాబ్దాలు పట్టిన ఆ పాఠాన్ని మనం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కరలేదు.

పెంపుడు జంతువులైతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. మా బంధువులు తమ కుక్కను అక్కడికే తీసుకెళ్లారు. విద్యార్థులు నేర్చుకునే చోటు కనుక ఖర్చు తక్కువ, అధ్యాపకులు పక్కనే ఉంటారు కనుక భయం కూడా తక్కువ. అయితే ప్రయాణ ఖర్చు కలుపుకుంటే వీధికుక్కలకు ఆ దారి గిట్టుబాటు కాదు.

ఎప్పుడు చేయించాలన్నది చాలా ముఖ్యం, దీని గురించి ఎవరూ చెప్పరు. చిత్త కార్తె కుక్కలని మన పెద్దలు ఊరికే అనలేదు. అక్టోబరు రెండో వారంలో ఆ కార్తె మొదలయ్యే వేళకు వీధుల్లో ఆడకుక్కలు చాలావరకు ఎదకు వస్తాయి. కుక్క దాదాపు అరవై మూడు రోజులు మోస్తుంది కాబట్టి ధనుర్మాసపు చలిలో పిల్లలు పుడతాయి. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచికి రక్తప్రసరణ ఎక్కువగా ఉండడం వల్ల ఆపరేషన్‌లో రక్తస్రావం ప్రమాదం ఉంటుంది, డాక్టర్లు వాయిదా వేస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వానలు, పుండు తడవకుండా కాపాడడం కష్టం. రోహిణి కార్తె ఎండల్లో మత్తు నుంచి తేరుకునే కుక్కకు వడదెబ్బ భయం. అందుకే మేము జులై మధ్య నుంచి సెప్టెంబరు చివరి లోపు ఆడకుక్కలన్నిటినీ పూర్తి చేస్తాము. మిగిలిన వాటిని సంక్రాంతి తరువాత చూసుకుంటాము.

డబ్బు కొద్దిగానే ఉంటే ముందు ఆడవాటికే ఖర్చు పెట్టండి. నాలుగు మగకుక్కలకు చేయించి ఒక్క ఆడకుక్కను వదిలేసినా పక్క వీధి నుంచి మగకుక్క వస్తుంది, ఆ ఏడాది పిల్లలూ పుడతాయి. ఆడకుక్కకు చేయిస్తే దాని వైపు నుంచి లెక్క అక్కడితో ఆగుతుంది. దానికి గర్భసంచిలో చీము పట్టే జబ్బు రాదు, చిన్న వయసులో చేయిస్తే రొమ్ము గడ్డలు వచ్చే అవకాశం కూడా బాగా తగ్గుతుంది. ఒక్క ఈతయినా ఈననివ్వాలన్న మాటకు వైద్యంలో ఆధారం లేదని మా డాక్టరు గారు చెప్పారు. ఆరు నెలలు నిండితే చాలు. జతకట్టినప్పుడు అంటుకునే ఒక రకం క్యాన్సర్ గడ్డలు వీధికుక్కల్లో ఎక్కువ. మర్మస్థానం దగ్గర రక్తం కారుతుంటే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పండి, దానికి వేరే సూదులు వరుసగా వేయాలి.

ఆపరేషన్‌కు ముందు రాత్రి నుంచి పెద్ద కుక్కకు తిండి పెట్టకూడదు. కడుపులో ఉన్నది మత్తులో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. వీధికుక్క విషయంలో ఇది పాటించడం కష్టం, ఎవరో ఒకరు జాలిపడి ఏదో ఒకటి వేస్తారు. అందుకే మేము ముందు రోజు సాయంత్రమే దానిని గదిలో పెట్టేస్తాము. ఆపరేషన్ రోజే రేబిస్ టీకా వేయించి, చెవి అంచుకు చిన్న గాటు పెట్టించండి. దానిని చూసి బాధపడేవారున్నారు గానీ, ఆ గాటు లేకపోతే తరువాత కుక్కలను పట్టడానికి వచ్చే బండివాళ్లు అదే కుక్కను మళ్లీ పట్టి మళ్లీ కోసే ప్రమాదముంది. ఒక ప్రాంతంలో కనీసం డెబ్బై శాతం కుక్కలకు టీకా పడితేనే రేబిస్ వ్యాప్తి ఆగుతుందంటారు. కనుక ఆపరేషన్ వాయిదా పడిన కుక్కలకు కూడా టీకా మాత్రం ఆపకండి. ఏటా జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. మేము మచ్చికైన వీధికుక్కలను కూడా తాళ్లు కట్టి తీసుకెళ్తే కాదనలేదు.

పాపం కాదా అని మా వీధిలో ఒక పెద్దావిడ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆమెతో నేను వాదించలేదు. ఒక జనవరి ఉదయం కాలువ గట్టున చలికి బిగుసుకుపోయిన అయిదు పిల్లలను ఇద్దరం కలిసి పూడ్చిపెట్టాము. ఆ తరువాతి ఆగస్టులో మందుల కోసం మొదటి అయిదు వందలు ఆమే తెచ్చి ఇచ్చింది.

చివరగా మీ దొడ్లో పిల్లి సంగతి. పాలిచ్చే తల్లికి ఇప్పుడే తొందరపడకండి. కూనలకు రెండు నెలలు నిండి, సొంతంగా తినడం మొదలుపెట్టాక చేయించండి. అయితే అంతకు మించి ఆలస్యం చేయవద్దు, ఎందుకంటే పాలిస్తూ ఉండగానే పిల్లి మళ్లీ కడుపుతో అవుతుంది. ఆ కూనల్లో ఆడవి కూడా నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు కనుక అయిదో నెలలో వాటినీ చూపించండి. చేతికి చిక్కని పిల్లిని కోళ్ల గంప బోర్లించి పట్టబోయి నా చేయి చీరుకుపోయింది, మీరు ఆ పని చేయకండి. మేము స్టోన్‌హౌస్‌పేటలో వెల్డింగు షాపులో ఎలుకల బోను నమూనాలోనే మూడడుగుల బోను చేయించాము. రెండు రోజులు తలుపు మూసుకోకుండా కట్టేసి ఉంచి, లోపల ఎండు నెత్తళ్లు వేసి తినడం అలవాటు చేయాలి. మూడో రోజు తలుపు వదిలితే దానంతట అదే చిక్కుతుంది. చిక్కిన వెంటనే బోను మీద దుప్పటి కప్పండి, చీకటిలో పిల్లి నెమ్మదిస్తుంది. ఆ దుప్పటితోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మత్తుసూది కూడా బోను ఊచల మధ్య నుంచే వేస్తారు.