విడాకుల తర్వాత కొన్నాళ్ళు విదేశానికి వెళ్ళిపోతే బాధ తగ్గుతుందా?

46 ఏళ్ళ వయసులో, 19 ఏళ్ళ కాపురం తర్వాత విడాకులు తీసుకున్నానని, ఊళ్ళో ఎవరి ముఖమూ చూడబుద్ధి కావడం లేదని, అమెరికాలో ఉన్న అక్క రమ్మంటోందని, వెళ్ళమంటారా అని మీరు అడిగారు. ఇదే కారణంతో నేను రెండు దేశాలకు వెళ్ళి వచ్చాను. మొదటిచోట నా పరిస్థితి మరింత దిగజారింది. రెండోచోట కొంత నిలదొక్కుకున్నాను. రెంటికీ తేడా ఎక్కడ వచ్చిందో చెబితే మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మాకు 2022 ఏప్రిల్‌లో పరస్పర అంగీకారంతో విడాకులు మంజూరయ్యాయి. అప్పటికి నా వయసు 47. అంతకుముందే అమెరికా వీసా ఉండడంతో జులైలో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళి ఏడు వారాలు ఉన్నాను. చెల్లెలూ మరిదీ నన్ను కంటికి రెప్పలా చూసుకున్నారు, లోపం వాళ్ళది కాదు. కానీ ఫ్రిస్కోలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, ఆదివారం గుడికి వెళ్ళినా, ఎవరింట్లోనైనా సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా, "బావగారు రాలేదా?" అన్న ప్రశ్న వినకుండా నేను తిరిగి వచ్చిన రోజు లేదు. కారు నడపడం రాదు కనుక ఒంటరిగా గడప దాటే వీలు లేదు. మన సమయానికి పదిన్నర గంటల తేడా వల్ల రాత్రుళ్ళు మెలకువగా పడుకుని, ఆయన వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించారో చూస్తూ గడిపేదాన్ని. ఉదయం మా మరిది కాఫీ కలిపి చెల్లెలికి అందించే ఆ పది నిమిషాలూ నేను గదిలోంచి బయటికి రాకుండా మంచం అంచున కూర్చునేదాన్ని. వాళ్ళ అన్యోన్యత చూసి సంతోషించలేకపోతున్నానన్న అపరాధ భావం నా అసలు బాధకు తోడైంది. అందుకే మీ అక్కగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, మొదటి ప్రయాణం అక్కడికి పెట్టుకోవద్దు.

తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో ఒంటరిగా శ్రీలంక వెళ్ళాను. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర కూడా పట్టదు. గడియారం మార్చుకోనవసరం లేదు, అక్కడి సమయమూ మన సమయమూ ఒకటే, కాబట్టి హాస్టల్లో ఉన్న మా అబ్బాయితో రోజూ రాత్రి తొమ్మిదికి మాట్లాడగలిగాను. మధ్యవయసులో ఇది చిన్న విషయం కాదు. పాతికేళ్ళ వయసులో మాయమైపోయినట్టు ఇప్పుడు మాయం కాలేము, మందులు వేసుకున్నదీ లేనిదీ ఫోన్లో అడగవలసిన అమ్మానాన్నలు ఉంటారు, ఫీజు కట్టవలసిన పిల్లలు ఉంటారు.

మొదటి రెండు రాత్రులూ ఘోరంగా గడిచాయని దాచకుండా చెబుతాను. కండి నగరంలో హోటల్ కుర్రవాడు గదిలో రెండు టీ కప్పులు, రెండు తువ్వాళ్ళు పెట్టి వెళితే, ఒక కప్పు తీసుకెళ్ళి బీరువాలో పెట్టాను. మూడో రోజు కండి నుంచి ఎల్ల అనే కొండ ఊరికి వెళ్ళే రైలెక్కాను. తేయాకు తోటల మధ్యగా కొండలెక్కుతూ ఏడు గంటలకు దగ్గరగా సాగే ప్రయాణం అది. దారిలో హట్టన్ స్టేషను దాటినప్పటి నుంచి నాను ఓయ స్టేషను వరకు కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. ఎదుటి సీటులోని పెద్దాయన ఒకసారి చూసి, నా ముఖం మీద గాలి మరీ విసురుగా కొట్టకుండా తన వైపు కిటికీ తలుపు సగం దించి, మళ్ళీ పేపరు చదువుకున్నారు. ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగలేదు, ఊరుకోమని ఓదార్చలేదు. రైల్లో అమ్మే వడలు కొంటే ఎవరో బడిపిల్లల నోటుపుస్తకపు కాగితంలో చుట్టి ఇచ్చారు. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటూ ఒక్కటీ నాకు చదవరాని సింహళ లిపిలో ఏదో పాఠం, కింద టీచరు ఎర్ర సిరాతో పెట్టిన టిక్కు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అక్కడి నుంచి అనురాధపురం వెళ్ళాను. అశోకుని కుమార్తె సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిన బోధివృక్షపు కొమ్మ ఇదేనని అక్కడివారు నమ్మే చెట్టు ఉన్న చోటు అది. ఆ రోజు మాఘ పౌర్ణమి. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ సెలవుదినమే, ఆడా మగా పిల్లలూ అందరూ తెల్లబట్టలతో గుడికి వస్తారు. మా ఇంట్లో ఆడవాళ్ళు తెల్లచీర కట్టడాన్ని దేనికి గుర్తుగా చూస్తారో మీకు తెలుసు. నేనూ ఒక తెల్ల చీర కట్టుకుని వేల మందిలో ఒకదాన్నై కూర్చున్నాను.

బయటికి వచ్చాక ఒక ముసలావిడ చెయ్యి చూస్తానని సింహళంలో పిలిచి, వెనక్కి తిరిగి మనవరాలిని నీళ్ళు తెమ్మని తెలుగులో కేకేసింది. శ్రీలంకలో అహికుంటకులనే సంచారజాతి ఉందని, వాళ్ళలో మగవాళ్ళు పాములాడిస్తే ఆడవాళ్ళు చెయ్యి చూసి జోస్యం చెబుతారని, ఇంట్లో మాట్లాడుకునే భాష తెలుగేనని నాకు అప్పటివరకు తెలియదు. నేను తెలుగులో పలకరించగానే ఆవిడ నా చెయ్యి వదలకుండా ఏదేదో అడిగింది. యాస సగమే అర్థమైంది గానీ "మొగుడు" అన్న మాట స్పష్టంగా వినిపించింది. తెలుగు వినబడని చోటికని వెళ్ళిన నన్ను ఆ ప్రశ్న అక్కడా పట్టుకుంది. "విడిపోయాం" అన్నాను. అప్పటివరకు లాయరుకు తప్ప ఆ మాట ఎవరికీ నా నోటితో చెప్పలేదు, అమ్మకు కూడా తమ్ముడే చెప్పాడు. ఆవిడ తలూపి, పిల్లలెందరని అడిగింది. ఒక్క అబ్బాయి అన్నాను. అంతే, చెయ్యి చూడడం మొదలుపెట్టింది.

బాధ ఆ రోజుతో పోలేదు. ఆయన పుట్టినరోజున ఇప్పటికీ పని చేతికి రాదు. కానీ తిరిగి వచ్చాక మా ఆఫీసులోనూ మేనకోడలి పెళ్ళిలోనూ ఆ మాట చెప్పగలిగాను, చెప్పాక సంభాషణ మరో విషయానికి మళ్ళింది. నాకు ఆ ప్రయాణం ఇచ్చినది అదొక్కటే, నాకు అది చాలింది.

వెళ్ళాలనుకుంటే కోర్టు పనులన్నీ పూర్తయ్యాకే వెళ్ళండి. ఉద్యోగానికి రాజీనామా చేయవద్దు, సెలవు పెట్టండి. దంపతులతో నిండే ప్యాకేజీ టూర్లు వద్దు. రానుపోను టికెట్లు ఒకేసారి కొనుక్కుని, పది పన్నెండు రోజులకు మించకుండా చూసుకోండి. నాకు అన్నీ కలిపి లక్ష రూపాయల లోపే అయింది. పాస్‌పోర్టు చివరి పేజీలో ఆయన పేరు ఉందని ప్రయాణం వాయిదా వేసుకోనవసరం లేదు, నేను పాతదానితోనే వెళ్ళాను, విమానాశ్రయంలో ఎవరూ ఆ పేజీ గురించి అడగలేదు. తిరిగి వచ్చాక విడాకుల డిక్రీ నకలు జతచేసి రీఇష్యూకు దరఖాస్తు చేసుకోవచ్చు. పాస్‌పోర్టు గడువు మాత్రం కనీసం 6 నెలలు మిగిలి ఉండాలి, ఆ తేదీ ఈరోజే ఒకసారి చూసుకోండి.